బల్ల ఆదివారం

"అమ్మా, ఈసారి నువ్వేం తప్పు చేసినావు?"

పోయినవారం కథ చివర బ్లెస్సీ ఈ ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగకుండా స్కూలు ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ఎలీషబా టిఫిన్ డబ్బా మూత చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. మనమూ ఆమెతోపాటు అక్కడే ఆగాం.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎలీషబా గిద్దలూరు డిపోలో కండక్టరు. ఆమె మొగుడు యేసుబాబుకు కొమరోలు రోడ్డులో మోటారు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త రాగితీగ చుట్టి మళ్ళీ ప్రాణం పోస్తాడు. చేతిలో పనితనం ఉంది, చెడు అలవాటు ఒక్కటీ లేదు, చర్చి సంఘంలో పెద్దగా పేరుంది. ఉన్నదల్లా ఒకటే జబ్బు. కోపం వస్తే అరవడు, చెయ్యెత్తడు, అన్నం మానడు. మాట మానేస్తాడు. అదీ ఒక్క పెళ్ళాంతోనే. షాపులో రైతులతో నవ్వుతూనే ఉంటాడు, పక్కింటి కుక్కను కూడా పేరు పెట్టి పలకరిస్తాడు. ఎలీషబా ఎదురుగా వస్తే మాత్రం అక్కడ మనిషే లేనట్టు చూస్తాడు. ఈ శనివారానికి ఆ మూగనోము పట్టి ఇరవై రెండు రోజులు. ఎందుకు పట్టాడో ఆమెకు తెలియదు.

పన్నెండేళ్ళ కాపురంలో ఇదే వరస. ఐదు రోజులకో, పది రోజులకో, ఇరవై రోజులకో ఆమే పోయి "నాదే తప్పు, మనసులో పెట్టుకోవద్దు" అంటుంది. ఆ తప్పు ఏమిటో తెలియకుండానే అంటుంది. ఆయన "సరే" అంటాడు. ఇంట్లో మళ్ళీ మాటలు మొదలవుతాయి. ఇన్నాళ్ళూ ఆమె దీన్ని సర్దుకుపోవడం అనుకుంది. పదేళ్ళ కూతురు ఇంకోలా అర్థం చేసుకుందని ఆ ఉదయమే తెలిసింది. నాయన మాట్లాడటం లేదంటే అమ్మ ఏదో చేసే ఉంటుంది, లేకపోతే తప్పు నాదని ఎందుకు ఒప్పుకుంటుంది? పిల్ల ఆలోచనలో పొరపాటు లేదు. పొరపాటంతా ఆ పిల్లకు చూపించిన పెద్దవాళ్ళది.

ఆ శనివారం ఎలీషబాకు పొద్దుటి డ్యూటీ. ఆడవాళ్ళకు టికెట్టు లేకుండా చేసినప్పటి నుంచి కొమరోలు బస్సులో కాలు పెట్టే చోటు ఉండటం లేదు. "ఆధార్ చూపించమ్మా, లోపలికి జరగండి అక్కా, పిల్లోణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకో వదినా" అంటూ గొంతు పోయేదాకా అరిచింది. బస్సు రోజూ రెండుసార్లు యేసుబాబు షాపు ముందు నుంచే పోతుంది. ఆయన డ్రైవరుకు చెయ్యి ఊపుతాడు. కండక్టరు వైపు చూడడు. ఈ సంగతి డ్రైవరుకు తెలుసు, ముందు సీట్లలో కూర్చునే కొమరోలు టీచరమ్మలకు తెలుసు. పాపం, ఎవరూ పైకి అనరు. అనకపోవడమే ఎలీషబాకు ఎక్కువ బాధ.

మూడింటికి ఇల్లు చేరి, ముఖం కడుక్కుని, వంటింట్లో క్యాలెండరు ముందు నిలబడింది. సంఘం వాళ్ళు అచ్చువేయించిన క్యాలెండరు అది. తన డ్యూటీలు, వీక్లీ ఆఫులు అందులోనే పెన్సిలుతో రాసుకుంటుంది. నెలకు మొదటి ఆదివారం దగ్గర 'బల్ల' అని ఎర్రగా అచ్చు వేసి ఉంది. రేపే.

బల్ల రోజు ఆయన వేసుకునే తెల్లచొక్కా ఇస్త్రీ చేయాలి అని అలవాటుగా అనుకుంది. అనుకోగానే చెయ్యి ఆగిపోయింది. జూలైలో "నాదే తప్పు" అన్నప్పుడు తను చేస్తున్న పని ఏమిటి? తెల్లచొక్కా ఇస్త్రీ. ఫిబ్రవరిలో? అదే చొక్కా. పోయినేడు బ్లెస్సీకి జ్వరం వచ్చి తగ్గినప్పుడు? అప్పుడూ చొక్కా కాలరు మీద నీళ్ళు చల్లుతూనే అంది. క్యాలెండరు వెనక్కి తిప్పి చూసింది. ఎన్ని రోజులు సాగినా ఆయన అలక ఏనాడూ మొదటి ఆదివారం దాటలేదు.

అది ఎందుకో చెప్పాలంటే వాళ్ళ సంఘం పద్ధతి చెప్పాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు చివరి విందును తలుచుకుంటూ అందరూ రొట్టె పంచుకునే ఆరాధన. రొట్టె ముక్కల పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగి పంచేది సంఘ పెద్దలు. ఆరాధనకు ముందు పాస్టరు సీమోను అయ్యగారు వాళ్ళను పక్కగదిలోకి పిలిచి ఒకే మాట అడుగుతారు. "ఇంట్లో అందరితో సమాధానంగా ఉన్నారా?" అంటే గొడవలూ అలకలూ లేకుండా అని. ఉన్నామన్నవాళ్ళే పళ్ళెం ముట్టుకోవాలి. లేదన్నవాళ్ళు ఆ నెలకు వెనక వరసలో కూర్చోవాలి. వెనక వరసలో కూర్చున్న పెద్ద గురించి సాయంత్రానికల్లా కాలనీ అంతా మాట్లాడుకుంటుంది.

అంటే ఇన్నేళ్ళూ ఆయన చేతిలో పళ్ళెం నిలబెట్టింది తన "నాదే తప్పు". ఆయన వచ్చి సమాధానపడాల్సింది. ఆ పని తను చేసిపెడుతూ వచ్చింది, చొక్కాకు ఇస్త్రీ చేసిపెట్టినట్టే. ఎలీషబాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆయన మీద సగం, తన మీద సగం.

ఆరింటికి యేసుబాబు వచ్చాడు. స్నానం చేసి, తలకు నూనె రాసుకుని, వరండాలో కుర్చీ వేసుకున్నాడు. మామూలుగా వీధివైపు వేసుకునే కుర్చీని ఈరోజు వంటింటి వైపు తిప్పి వేసుకున్నాడు. ఒళ్ళో పాటల పుస్తకం. పెళ్ళాం వచ్చి నిలబడాల్సిన చోటు కూడా ఖాళీగా వదిలి, తీరుబడిగా కూర్చున్నాడు. ఇంత ఏర్పాటు చేసినవాడికి పాపం ఈసారి కార్యక్రమం లేదని తెలియదు.

ఏడైంది. ఎలీషబా చారు తాలింపు పెట్టింది. బ్లెస్సీ ఫ్రాకు, తన చీర ఇస్త్రీ చేసింది. తెల్లచొక్కా వైపు చూడలేదు. యేసుబాబు ఒకసారి దగ్గాడు, ఇంకోసారి దగ్గాడు, చివరికి కూతుర్ని పిలిచాడు.

"బ్లెస్సీ, రేపు బల్ల ఉంది. తెల్లచొక్కా ఇస్త్రీ చేయమని చెప్పు మీ అమ్మకు."

ఆ 'మీ అమ్మ' మూడడుగుల దూరంలో ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడే ఉంది. బ్లెస్సీ రోజూ చేసే పనే కాబట్టి ఇటు తిరిగి అందుకుంది. "అమ్మా, నాయన తెల్లచొక్కా..."

"వినపడింది తల్లీ. నాకు చెవులు బాగానే ఉన్నాయి. ఇంక ఈ మాటలు మోసే పని నీకొద్దు. పక్కింటికి పోయి ఆడుకో పో. చొక్కా కావలసినోళ్ళకు నోరుంది, వాళ్ళే అడుగుతారు."

పిల్ల ఇద్దరి ముఖాలూ చూసి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఎలీషబా ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, వంటింట్లో స్టూలు తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఇన్నిసార్లలో నిలబడకుండా కూర్చోవడం ఇదే మొదటిసారి.

"ఏమయ్యా, నువ్వు జవాబు ఇయ్యకున్నా సరే, నేను చెప్పేది ఇను. నేను అలగలేదు. నీతో మాట్లాడటం మానలేదు, మానను కూడా. అన్నం పెడతా, పలకరిస్తా, బస్సులో ఎవరన్నా నవ్వించే మాట చెప్తే వచ్చి నీకు చెప్తా. కానీ ఈసారి నాదే తప్పు అని మాత్రం అనను. నేనేం చేసినానో చెప్పు. నా తప్పయితే ఇప్పుడే, ఈ స్టూలు మీదనే ఒప్పుకుంటా. తెలియని తప్పుకు మాత్రం ఇంక నీ ముందర తల వంచను. పిల్ల చూస్తా ఉంది."

యేసుబాబు పాటల పుస్తకంలో నాలుగు పేజీలు తిప్పాడు. అవి విషయసూచిక పేజీలు. దాన్ని ఆయన ఎంతో శ్రద్ధగా చదివాడు.

"సరే," అంది ఎలీషబా. "చారు వేడిగా ఉంది, వచ్చి తిను." లేచి వెళ్ళి కంచాలు పెట్టింది. భోజనాలయ్యాక ఆయనే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. ఒక మడత సాపు చేస్తే పక్కన రెండు పడ్డాయి.

ఆదివారం పొద్దున ముగ్గురూ ఒకే బండి మీద బయల్దేరారు. ముందు ఆయన, మధ్యలో బ్లెస్సీ, వెనక ఎలీషబా. చూసినవాళ్ళకు ముచ్చటైన కుటుంబం. రైల్వేస్టేషన్ అవతల కాలనీలో వాళ్ళ చర్చి మందిరం. బయట చెప్పులు విడిచి, ఆడవాళ్ళ వైపు చాప మీద ఆదెమ్మవ్వ పక్కన కూర్చుంది ఎలీషబా. ఆదెమ్మవ్వకు ఎనభై దగ్గరపడ్డాయి. చెవులు సరిగ్గా వినపడవు, అందుకని తను మాట్లాడేది ఎదుటివాళ్ళకు వినపడదేమోనని గట్టిగా మాట్లాడుతుంది.

పక్కగది తలుపు తెరుచుకుంది. పెద్దలు ఒకరి వెనక ఒకరు బయటికి వచ్చారు. మూడోవాడు యేసుబాబు. చేతిలో తెల్లగుడ్డ కప్పిన పళ్ళెం.

ఎలీషబా ఆ పళ్ళెం వైపే చూసింది. అంటే లోపల అయ్యగారు అడిగారు, ఈయన ఉన్నామని చెప్పాడు. ఒక్క నిజం తనతో చెప్పడానికి ఇరవై మూడు రోజులుగా నోరు రానివాడికి అబద్ధం చెప్పడానికి నోరు వచ్చింది. ఆమె రాత్రి ఎక్కడో ఒక మూల ఆశ పెట్టుకుంది, ఈయన వెనక వరసలో కూర్చుంటాడని, అక్కడ కూర్చుంటే కనీసం నిజం ఒప్పుకున్నట్టు ఉంటుందని. ఆ ఆశ కూడా పోయింది.

బల్లకు ముందు ప్రార్థన చేసే వంతు కూడా ఆ నెల యేసుబాబుదే. ఏం ప్రార్థన అది! బోర్లలో నీళ్ళ కోసం, కంది చేలకు వాన కోసం, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళ కోసం, దూరప్రయాణాలు చేసేవాళ్ళ కోసం, చివర్లో కుటుంబాల్లో ప్రేమ కోసం. ఎక్కడా తడబాటు లేదు. ఇంట్లో ఇరవై మూడు రోజులు దాచిన మాటలన్నీ ఇక్కడ తెచ్చి పోసినట్టుంది. ఆదెమ్మవ్వ కళ్ళు తుడుచుకుని, ఎలీషబా మోచేతి మీద తట్టింది.

"మీ ఆయన నోరు తేనె కదమ్మా!"

"అవునవ్వా," అంది ఎలీషబా. "ఆదివారం మాత్రం తేనె."

అవ్వకు వినపడలేదు. సంతోషంగా తలూపింది.

ఈ సంఘంలో ఇంకో ఆనవాయితీ ఉంది. ఎప్పుడో పనిచేసి వెళ్ళిన ఒక పాత అయ్యగారు పెట్టింది. రొట్టె పంచేటప్పుడు ఊరికే పళ్ళెం చాపకూడదు. ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలిచి ఇవ్వాలి. ముసలివాళ్ళైనా, నిన్న బాప్తిస్మం తీసుకున్నవాళ్ళైనా, ఎవరి పేరు వాళ్ళు వినాలి, అప్పుడు చెయ్యి చాపాలి. దీనివల్ల బల్ల అరగంట ఎక్కువ పడుతుంది. ఎవరూ విసుక్కోరు. వారమంతా ఎవరూ పేరు పెట్టి పిలవనివాళ్ళు కొందరు దానికోసమే వస్తారు.

ఆడవాళ్ళ వైపు పళ్ళెం యేసుబాబుది. వెనక పాట నడుస్తోంది. ఒక్కొక్కరి ముందూ వంగి, పేరు పిలిచి, పళ్ళెం చాపుతూ వస్తున్నాడు. ఆయన గొంతు దగ్గరవుతున్న కొద్దీ ఎలీషబా తన ముందు ఇంకా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుంది. పిలుస్తాడా? ఇక్కడ పిలవక తప్పదు కదా. ఒక్కసారి పేరు వింటే చాలు అనిపించింది. తన పేరు ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో అప్పుడు తెలిసింది. అంత చిన్నదానికి ఇంత ఆశపడుతున్నందుకు సిగ్గూ వేసింది.

"ఆదెమ్మవ్వా, తీసుకో."

అవ్వ రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుంది. పళ్ళెం జరిగి ఎలీషబా ముందుకు వచ్చింది.

మాట రాలేదు.

పళ్ళెం అలాగే ఉంది. అందులో చిన్న చిన్న రొట్టె ముక్కలు. ఆమె తలెత్తి చూసింది. యేసుబాబు ఆమె తల మీదుగా వెనక గోడ వైపు చూస్తున్నాడు. పళ్ళెం అంచు ఒకసారి చిన్నగా కదిలించాడు, తీసుకుని కానియ్యి అన్నట్టు.

చెయ్యి చాపితే అయిపోతుంది. ఎవరికీ తెలియదు. పళ్ళెం ముందుకు పోతుంది, పాట అయిపోతుంది, ఇంటికి పోయి కోడికూర వండుకుంటారు, రేపు ఇరవై నాలుగో రోజు. ఆమె చెయ్యి నిజంగానే కొంచెం లేచింది. పన్నెండేళ్ళ అలవాటు. బల్ల ముట్టకపోవడం చిన్న సంగతి కాదు. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం ఒకటి, దేవుణ్ణి కాదన్నట్టవుతుందేమో అన్న భయం ఇంకొకటి. ప్రభువా, నేను నీ మీద అలగలేదు, నీకు తెలుసు అనుకుంది లోపల. లేచిన చెయ్యిని ఒళ్ళోకి తెచ్చుకుని, రెండో చెయ్యి దాని మీద పెట్టుకుంది.

యేసుబాబు ముందుకు పోలేడు. ఒకరిని వదిలేసి ఇంకొకరి దగ్గరికి పోయే పద్ధతి లేదు. వెనక పాట చరణం అయిపోయింది. హార్మోనియం ఆగింది. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో ఆదెమ్మవ్వ అందుకుంది.

"పేరు పిలవలేదు నాయనా నువ్వు! పిలువు, తీసుకుంటాది."

యేసుబాబు ముఖం ఎర్రబడింది.

"మర్చిపోయినావా ఏంది?" అవ్వ సాయం చేద్దామనుకుంది. మందిరం చివర కూర్చున్నవాళ్ళకు కూడా వినపడేలా చెప్పింది. "ఎలీషబా నాయనా! మన కండక్టరు ఎలీషబా. నీ భార్యనే!"

ఎవరో పిల్లలు నవ్వారు. ఎవరో వాళ్ళను గద్దించారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. తలలన్నీ ఇటు తిరిగాయి. యేసుబాబు నోరు తెరిచాడు. "ఎలీ..." అన్నాడు. మిగతా పేరు బయటికి రాలేదు. వెనక్కి తిరిగి, పళ్ళెం తీసుకుపోయి సీమోను అయ్యగారి చేతుల్లో పెట్టి, మధ్య దారిలో నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

అయ్యగారు ఒక్క క్షణం తడబడి, "ఇంకో పాట అందుకోండి" అన్నారు. ఎలీషబా లేచింది. పిల్లల చాప మీద ఉన్న బ్లెస్సీ కూడా లేవబోతే, కూర్చోమని చేత్తో సైగ చేసి, బయటికి నడిచింది.

యేసుబాబు బండి దగ్గర నిలబడి ఉన్నాడు. తాళం పెట్టాడు గానీ తిప్పలేదు. ఆమె అడుగుల చప్పుడు విని, తిరక్కుండానే అన్నాడు.

"అందరి ముందర నా పరువు తీసినావు."

ఇరవై మూడు రోజుల తర్వాత మొగుడి నోట విన్న మొదటి మాట. ఎలీషబాకు నవ్వు రాబోయింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

"నేనేం చేసినానయ్యా? ఒక్క మాట అనలేదే. నువ్వు ఇంట్లో ఎట్ల ఉంటావో అట్లనే ఉన్నా. నువ్వు ఎదురుగా నిలబడితే నోరు మెదపకుండా కూచున్నా. రెండు నిమిషాలు కూచోనుంటానా? దానికే నువ్వు బయటికి వచ్చేసినావు. నాకు ఇరవై మూడు రోజులు."

ఆయన తిరిగి ఆమెను చూశాడు. గోడను కాదు, ఆమెనే. లోపల పాట మొదలైంది.

"అయ్యగారితో సమాధానంగా ఉన్నామని చెప్పినా," అన్నాడు చివరికి. "అబద్ధం చెప్పినా."

"అది నువ్వూ అయ్యగారూ చూసుకోండి. నాతో చెప్పాల్సింది వేరే ఉంది. నేనేం చేసినా?"

యేసుబాబు బండి తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"గుర్తు లేదు."

"ఏంది?"

"మొదటి రోజు ఏదో ఉన్నింది. నువ్వు డ్యూటీ నుంచి వచ్చి మీ అక్కతో ఫోన్లో మాట్లాడతా ఉన్నావు, నేను పిలిస్తే పలకలేదు. అట్లాంటిదే ఏదో. ఇప్పుడు తలుచుకుంటే అది కూడా సరిగ్గా గుర్తు రావడం లేదు."

"గుర్తు లేనప్పుడు మాట్లాడొచ్చు గదా?"

"నువ్వొచ్చి అడుగుతావని చూసినా." ఆయన గొంతు బాగా తగ్గింది. "రోజంతా ఊరోళ్ళందరితో మాట్లాడతావు. నా దగ్గరికి వచ్చేటప్పటికి నీకు ఓపిక ఉండదు. నేను అలిగితేనే వచ్చి నా ముందర నిలబడతావు. నాదే తప్పు అంటావు. అట్ల అంటే... నాకు బాగుంటాది."

ఇంత మాట ఆయన ఎప్పుడూ చెప్పలేదు. బహుశా తనకు తానే మొదటిసారి చెప్పుకున్నాడేమో. ఎలీషబాకు జాలి వేసింది. జాలి వేసినందుకు వెంటనే తన మీద విసుగు వచ్చింది. ఈ జాలే కదా ఇన్నాళ్ళూ ఆయన అలకను మేపింది.

"నిలబడమంటే నిలబడనా నేను? 'ఎలీషబా, రా, కాసేపు కూచో' అంటే రానా? దానికి ఇన్ని రోజులు నన్ను ఇంట్లో లేని మనిషిని చేయాలా?"

జవాబు లేదు. కానీ ఇది రోజూ ఉండే నిశ్శబ్దం కాదు, మాట దొరకని నిశ్శబ్దం. పన్నెండేళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ తేడా తెలుస్తుంది.

"అంటే ఈసారి నా తప్పేమీ లేదు," అంది.

"లేదు."

"ముందర అలిగిన వాటిలో?"

ఆయన నుదురు రుద్దుకున్నాడు. "వాటిలో కూడా... చెప్పుకోదగ్గవేం లేవు."

ఎలీషబా మందిరం మెట్టు మీద కూర్చుండిపోయింది. తప్పు లేదని ఆమెకు తెలియక కాదు. ఎక్కడో తెలుసు. కానీ తెలియడం వేరు, చేసినవాడి నోట వినడం వేరు. ఇస్త్రీపెట్టె పక్కన, ఉప్పుడబ్బా పక్కన, జ్వరం తగ్గిన పిల్ల మంచం పక్కన నిలబడి తను అన్న 'నాదే తప్పు'లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఒక్కటీ తనది కాదు.

యేసుబాబు దగ్గరికి వచ్చాడు. "ఇంక పోదాం లే. ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

"నాతో చెప్పాల్సింది చెప్పినావు, నాకు చాలు," అంది ఆమె లేవకుండానే. "ఇప్పుడు ఇదే మాట బ్లెస్సీకి చెప్పు."

"పిల్లకెందుకు ఇవన్నీ?"

"ఈసారి నువ్వేం తప్పు చేసినావమ్మా అని అడిగింది నన్ను. ఈసారి అనింది, ఇన్నావా? అంటే ప్రతిసారీ నేనే చేస్తా ఉన్నానని దాని లెక్క. నేను కాదంటే నమ్మదు. రేపు పెద్దదై ఇంకో ఇంటికి పోయి, వాడు మూతి ముడిచిన ప్రతిసారీ ఇదీ పోయి నాదే తప్పు అంటాది. అది నేను చూడలేను. నువ్వే చెప్పాల."

"ఇంటికి పోయినాక చెప్తా."

"ఇంటికి పోతే మళ్ళా నీకు నోరు రాదు. ఇక్కడే చెప్పు."

ఆయన ఏదో అనేలోపు తలుపు దగ్గర అలికిడైంది. సీమోను అయ్యగారు. ఆయన చెయ్యి పట్టుకుని బ్లెస్సీ.

"పాప లోపల ఉండనంటా ఉంది," అన్నారు అయ్యగారు. కోపం లేదు ఆయన గొంతులో. "యేసుబాబూ, జనం కూచోనే ఉన్నారు. పళ్ళెంలో రెండు ముక్కలు మిగిలినాయి. మీ ఇద్దరిదీ తేలేదాకా నేను బల్ల ముగించను. తొందరేం లేదు." చెప్పి, తలుపు దగ్గరగా వేసి లోపలికి వెళ్ళిపోయారు.

బ్లెస్సీ మెట్లు దిగి వచ్చి ఇద్దరికీ మధ్యలో నిలబడింది. ఇంట్లో కూడా అది నిలబడే చోటు అదే.

యేసుబాబు పెళ్ళాం వైపు చూశాడు. ఎలీషబా చూపు తిప్పుకోలేదు, సాయమూ చేయలేదు. ఆయన మెల్లగా పిల్ల ముందు గొంతుక్కూర్చుని, దాని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బ్లెస్సీ..."

"ఊ."

"మీ అమ్మ..."

అంతవరకు వచ్చి ఆగాడు.

బ్లెస్సీ ఓపిగ్గా చూసింది. తర్వాత ఒక అడుగు తల్లి వైపు జరిగి, రోజూ లాగే సిద్ధంగా నిలబడి, తండ్రిని అడిగింది.

"చెప్పు నాయనా. అమ్మకు ఏం చెప్పమంటావు?"